విష్ణుక్రాంతం: గుర్తుపట్టడం ఎలా, ఎక్కడ వెతకాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి దగ్గరపడగానే నీలం పువ్వు ఫొటో ఒకటి పంపి "ఇది విష్ణుక్రాంతమేనా?" అని అడిగేవారు ఎక్కువవుతారు. వచ్చే ఫొటోల్లో శంఖుపువ్వు ఉంటుంది, నర్సరీలో కొన్న కుండీ మొక్క ఉంటుంది, ఒక్కోసారి వెన్నదేవి కూర కూడా ఉంటుంది. అసలు మొక్క మాత్రం అరుదుగా కనిపిస్తుంది. అది అరుదైన మొక్క కావడం దీనికి కారణం కాదు. మనం వెతికే చోటు, చూసే తీరు వేరు కావడమే కారణం. తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

విష్ణుక్రాంతం అంటే కచ్చితంగా ఏ మొక్క?

వృక్షశాస్త్రంలో దీని పేరు ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. చిలగడదుంప, తూటికూర, కాశీరత్నం తీగ చేరిన కన్వాల్వులేసీ కుటుంబానికే ఇదీ చెందుతుంది. లిన్నేయస్ 1753లో దీన్ని కన్వాల్వులస్ ప్రజాతిలో చేర్చి, 1762లో ఎవాల్వులస్‌లోకి మార్చాడు. ఈ మార్పులోనే గుర్తుపట్టడానికి పనికొచ్చే విషయం ఒకటి దాగి ఉంది. లాటిన్‌లో మొదటి పేరుకు చుట్టుకునేది అని, రెండో పేరుకు చుట్ట విప్పుకున్నది అని అర్థం. ఈ కుటుంబంలో ఎక్కువ మొక్కలు దేన్నో ఒకదాన్ని పట్టుకుని మెలిక తిరుగుతూ పైకి పోతాయి. విష్ణుక్రాంతం మాత్రం దేన్నీ చుట్టుకోదు. మీ ఎదుట ఉన్న మొక్క కంచెకో కర్రకో చుట్టుకుని ఉంటే, దాని పువ్వు ఎంత నీలంగా ఉన్నా అది విష్ణుక్రాంతం కాదు.

సంస్కృతంలో ఈ పేరుకు విష్ణువు అడుగు మోపినది అని అర్థం. త్రివిక్రముడి అడుగుల కథ తెలిసినవారికి ఈ పేరు వింటేనే మొక్క రూపం కళ్లకు కడుతుంది. ఇది నిజంగానే మన అడుగుల కింద ఉండే మొక్క.

ఇది మన దేశపు మొక్కేనా?

అవును. ఎవాల్వులస్ ప్రజాతిలో సుమారు 100 జాతులు ఉన్నాయి. వాటిలో దాదాపు అన్నీ అమెరికా ఖండాలవే కావడం వల్ల ఈ సందేహం సహజంగానే వస్తుంది. అయితే ఈ ఒక్క జాతి ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికాల ఉష్ణప్రాంతాలన్నిటిలోనూ సహజంగా పెరుగుతుంది. నర్సరీల ద్వారానో ఓడల్లో వచ్చిన ధాన్యంతోనో ఈ మధ్య వచ్చిపడిన మొక్క కాదు.

దూరం నుంచి చూసి గుర్తుపట్టగలిగే లక్షణం ఏదైనా ఉందా?

ఉంది, కానీ అది పువ్వులో లేదు. చాలామంది నీలం రంగును వెతుక్కుంటూ వెళ్తారు. నేను మాత్రం ముందు మొక్క నేల మీద ఎలా పరుచుకుందో చూడమంటాను. వేరు తల దగ్గర ఒకే చోటి నుంచి సన్నని కాడలు అనేకం బయలుదేరి, బండి చక్రం ఆకుల్లా అన్ని వైపులకూ పోతాయి. ఒక్కో కాడ జానెడు నుంచి మూరెడు దాకా ఉంటుంది, ఇనుప తీగలా గట్టిగా ఉంటుంది. కొన్ని నేలబారుగా పాకుతాయి, కొన్ని కొసల దగ్గర కొద్దిగా పైకి లేస్తాయి. నేలకు తగిలిన చోట కణుపుల నుంచి వేళ్లు పుట్టవు. అందువల్ల ఒక కాడను వేలితో ఎత్తితే కొస నుంచి మొదలు దాకా సులభంగా లేచివస్తుంది. ఈ పరీక్ష చిన్నదే అయినా చాలా సందేహాలను తీరుస్తుంది.

రెండో గుర్తు నూగు. ఆకులు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల పొడవుతో, కోలగా, తొడిమ ఉందా లేదా అన్నట్టు కాడకు అంటుకుని ఉంటాయి. ఆకు రెండు వైపులా, కాడ మీద, రక్షక పత్రాల మీద పట్టులాంటి మెత్తని వెంట్రుకలు పడుకుని ఉంటాయి. పొద్దున ఏటవాలు ఎండలో చూస్తే మొక్క అంతా బూడిద చల్లినట్టు, కొంచెం వెండి రంగులో మెరుస్తుంది. మంచు పడిన రోజున ఆ వెంట్రుకల మీద నీటిబొట్లు ఆకును తాకకుండా నిలిచి ఉండడం కూడా చూడవచ్చు. నిగనిగలాడే నున్నటి ఆకులున్న మొక్కను చూసి విష్ణుక్రాంతమని సంబరపడవద్దు.

పువ్వును దగ్గరగా చూసినప్పుడు ఏమేమి కనిపించాలి?

ముందుగా పరిమాణం. పువ్వు వెడల్పు 6 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత కూడా ఉండదు. ఫొటోల్లో తెర నిండా కనిపించడం వల్ల చాలామంది దీన్ని పెద్ద పువ్వని ఊహించుకుని, ఎదురుగా ఉన్నా దాటిపోతారు. ఆకు మొదలు నుంచి దారం వంటి సన్నని కాడ రెండు మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది, దాని కొసన ఒకటో రెండో పూలు ఉంటాయి. రంగు లేత నీలం, నడుమ తెలుపు. విడివిడి రేకులు ఉండవు. అయిదు రేకులూ కలిసిపోయి, అంచులో అయిదు చిన్న నొక్కులతో పళ్లెంలా విప్పుకుంటాయి. ఒక్క రేకును పట్టుకుని లాగితే పువ్వు మొత్తం ఊడివస్తుంది.

ఇక తిరుగులేని ఆధారం కీలంలో, అంటే పువ్వు నడుమ అండాశయం మీద నుంచి లేచే సన్నని పోగులో ఉంది. ఇది చూడడానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి. పువ్వును వేళ్ల మధ్య పెట్టుకుని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, నడుమ నుంచి రెండు తెల్లని కీలాలు లేస్తాయి. ఒక్కో కీలం మళ్లీ రెండుగా చీలుతుంది. మొత్తం నాలుగు దారపు పోగులు కనిపిస్తాయి. తూటికూర, కాశీరత్నం వంటి ఐపోమియా జాతుల్లో కీలం ఒక్కటే, దాని కొసన గుండీలాంటి కీలాగ్రం (పుప్పొడి అంటుకునే భాగం) ఉంటుంది. కన్వాల్వులస్ జాతుల్లోనూ కీలం ఒక్కటే, కొసన రెండు కీలాగ్రాలు. రెండు కీలాలు, నాలుగు కొసలు కనిపిస్తే మీ చేతిలో ఉన్నది ఎవాల్వులస్ ప్రజాతిదే. మొదటిసారి ఈ నాలుగు పోగులను లెక్కపెట్టడానికి నాకు మూడు పూలు పాడయ్యాయి. నాలుగో పువ్వులో స్పష్టంగా కనిపించాయి.

పూలు రాలిన తర్వాత కాయ దొరికితే మరీ మంచిది. కాయ మిరియపు గింజ కంటే చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. కాయ కట్టాక దాని కాడ కిందికి వంగిపోతుంది. ఎండిన కాయ నాలుగు పలకలుగా విచ్చుకుంటుంది, లోపల సాధారణంగా నాలుగు నున్నటి గోధుమరంగు గింజలు ఉంటాయి.

మధ్యాహ్నం వెళ్లి వెతికితే ఒక్క పువ్వూ కనిపించలేదు. ఎందుకు?

మీరు ఆలస్యంగా వెళ్లారు. ఒక్కో పువ్వు ఒక్క పూటే ఉంటుంది. ఉదయం విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. నేనూ ఒకసారి పూలు నిండుగా ఉన్న గుట్టను పొద్దున చూసి, సాయంత్రం నాలుగింటికి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్లి నవ్వులపాలయ్యాను. ఎనిమిది నుంచి పది గంటల మధ్య వెళ్లడం మంచిది.

శంఖుపువ్వు, విష్ణుక్రాంతం ఒకటేనా?

ఒకటి కాదు. కానీ ఒకటే అనుకునేవారిని తప్పుపట్టడానికి వీల్లేదు. అమరకోశం విష్ణుక్రాంత అనే మాటను గిరికర్ణి, అపరాజిత అనే పేర్ల సరసన పర్యాయపదంగా చేర్చింది. ఆ పేర్లను మనం నేడు శంఖుపువ్వుకు వాడుతున్నాం. అంటే ఒకే పేరును రెండు మొక్కలకు వాడడం కొత్తగా మొదలైన పొరపాటు కాదు, చాలా పాతది. కేరళలో మాత్రం దశపుష్పాలనే పది పూల వరుసలో విష్ణుక్రాంతి అంటే ఈ నేలబారు చిన్న మొక్కే.

పేరు సంగతి ఎలా ఉన్నా, మొక్కలను కలగలుపుకోవడానికి ఆస్కారమే లేదు. దింటెన అని కూడా పిలిచే శంఖుపువ్వు చిక్కుడు కుటుంబానిది. అది పందిరి ఎక్కే తీగ. ఆకు అయిదు నుంచి ఏడు చిన్నాకులుగా చీలి ఉంటుంది. పువ్వు నాలుగైదు సెంటీమీటర్లు ఉండి ఒక పెద్ద రేకుతో శంఖంలా తెరుచుకుంటుంది. బల్లపరుపు కాయలు కాస్తుంది. ఈ మధ్య నీలం టీ అని తాగుతున్నది దాని పూలతోనే.

మరి శంఖపుష్పి?

ఇది ఇంకో చిక్కు. ఆయుర్వేద మందుల్లో శంఖపుష్పి పేరుతో ప్రధానంగా వాడేది కన్వాల్వులస్ ప్రోస్ట్రేటస్ అనే మొక్కను. అదీ నేలబారుదే, దానికీ నూగు ఉంటుంది. అందుకే ఆకులు మాత్రమే ఉన్నప్పుడు తేడా చెప్పడం కష్టం. దాని పువ్వు తెల్లగా లేదా లేత గులాబీ రంగులో, విష్ణుక్రాంతం పువ్వుకు దాదాపు రెట్టింపు ఉంటుంది, కీలం ఒక్కటే. ఆ మొక్క ఉత్తర, పశ్చిమ భారతంలోని పొడి నేలల్లో ఎక్కువ. కొన్ని ప్రాంతాల్లో విష్ణుక్రాంతాన్ని, మరికొన్ని చోట్ల శంఖుపువ్వును కూడా శంఖపుష్పి అనే అంటారు.

నర్సరీలో విష్ణుక్రాంతం అని చెప్పి అమ్మిన మొక్క అదేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. బ్లూ డేజ్ అని అమ్మే ఆ మొక్క ఎవాల్వులస్ గ్లోమరేటస్, దక్షిణ అమెరికాది. ప్రజాతి ఒకటే కాబట్టి కీలాలను లెక్కపెట్టినా తేడా తెలియదు. తేడా వేరేచోట చూడాలి. దాని పూలు రెండు సెంటీమీటర్ల వెడల్పుతో ముదురు నీలంగా ఉంటాయి, పొడవైన దారపు కాడ లేకుండా కొమ్మ కొసల్లో ఆకుల మధ్య గుత్తిగా వస్తాయి. నాకూ ఒక నర్సరీలో ఇదే అంటగట్టారు. అందమైన మొక్కే, కాదనను.

మా పచ్చికలో గుండ్రని ఆకులతో, తెల్ల పూలతో పాకే మొక్క ఉంది. అది తెల్ల విష్ణుక్రాంతమా?

కాదు, అది ఎవాల్వులస్ నమ్ములేరియస్. పేరుకు నాణెం వంటిదని అర్థం, ఆకులు అలాగే గుండ్రంగా ఉంటాయి. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చి, మన పార్కుల్లో, నీళ్లు పెట్టే పచ్చికల్లో స్థిరపడింది. కాడను ఎత్తి చూడండి: ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దిగి నేలను పట్టుకుని ఉంటాయి. అసలు విష్ణుక్రాంతంలోనూ అరుదుగా తెల్లపూలు పూసేవి ఉంటాయి కానీ, వాటి ఆకు కోలగా ఉంటుంది, కాడ సులువుగా లేచివస్తుంది.

వెన్నదేవి కూరతో పొరపాటు పడేవారికి ఒక్క మాట: దాని పువ్వు దొప్పలాంటి మడత ఆకులోంచి బయటికి వస్తుంది. రెండు పెద్ద నీలి రేకులు, మూడోది చిన్నది. ఆకులో గీతలు వెదురాకులోలా నిలువుగా ఉంటాయి.

ఎక్కడ వెతకాలి?

నలుగురూ పనికిరాదనుకునే చోట వెతకాలి. తెలంగాణలో ఎర్ర చెలకల గట్లు, రాళ్ల గుట్టల వాలులు, మొరం తేలిన బీళ్లు. రాయలసీమలో గులకరాళ్లు పరిచినట్టుండే మెట్ట బంజర్లు. కోస్తాలో ఎర్రమట్టి దిబ్బలు, ఇసుక కలిసిన గడ్డినేలలు. సన్నటి మట్టి పలుచగా ఉండి, నీళ్లు నిలవకుండా జారిపోయి, రోజంతా ఎండ పడే చోటు దీనికి ఇష్టం. చెరువు శిఖంలోనో, మాగాణి గట్టు మీదనో, దట్టమైన చెట్ల నీడలోనో వెతకడం వల్ల ఫలితం ఉండదు.

తోటి మొక్కలను చూసి కూడా చోటు పోల్చుకోవచ్చు. తంగేడు, బలుసు, వాక పొదలు విడివిడిగా ఉండి, వాటి నడుమ మోకాలి ఎత్తు దాటని గడ్డి, అక్కడక్కడ పల్లేరు, నేల ఉసిరి ఉన్నాయంటే సరైన చోటికి వచ్చారన్నమాట. ఆ గడ్డి దుబ్బుల మధ్య ఖాళీగా కనిపించే మట్టి మచ్చల్లోనే విష్ణుక్రాంతం ఉంటుంది. గడ్డి ఒత్తుగా ఎదిగిన చోట దీనికి వెలుతురు అందదు. అందుకే మేకలు, గొర్రెలు తిరిగే కాలిబాటల అంచుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. గడ్డి పొట్టిగా ఉంటే దీనికి చోటు దొరుకుతుంది. నిలబడి వెతికితే ముందు తంగేడు పూలే కంటపడతాయి; ఒక్కసారి గొంతుకు కూర్చుని, కళ్లు నేలకు మూరెడు ఎత్తులో పెట్టి చూస్తే, ఒకటి దొరికిన చోటే పది కనిపిస్తాయి.

వసంతంలో పూస్తుందా?

వసంతానికి కాస్త అటూ ఇటూగా మామిడి, వేప, మోదుగ పూస్తాయి. వాటి వేళ్లు లోతుకు పోయి తేమ అందుకుంటాయి. మెట్టనేల మీద బతికే చిన్న మొక్కలకు వసంతం తొలకరితో వస్తుంది. విష్ణుక్రాంతం బహువార్షికం. వేసవిలో పైకాడలు ఎండి మొక్క మాయమైనట్టు కనిపించినా, కట్టెబారిన వేరు మట్టిలో సజీవంగా ఉంటుంది. నాలుగు వానలు పడగానే అదే చోటి నుంచి కొత్త కాడలు బయలుదేరుతాయి. శ్రావణ భాద్రపదాల నుంచి మార్గశిరం దాకా పూలు ఎక్కువ. తేమ దొరికితే మిగతా నెలల్లోనూ అక్కడొకటి ఇక్కడొకటి పూస్తుంది. వేసవిలో అకాల వర్షం పడిన పది పదిహేను రోజుల తర్వాత పాత చోటికే ఒకసారి వెళ్లి చూడడం నాకు అలవాటు.

అది ఎలాగూ బంజరు భూమే కదా, అక్కడ చెట్లు నాటితే మంచిది కాదా?

ఈ ప్రశ్న మంచి మనసుతోనే అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. బంజరు అనేది రెవెన్యూ లెక్కల్లోని మాట, శిస్తు రాని నేల అని దాని భావం. అందులో ప్రాణి లేదని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం వెలువరించే బంజరు భూముల అట్లాసులో, దట్టమైన పొదలున్న నేల, పలుచని పొదలున్న నేల అనే రెండు విభాగాలు ఉన్నాయి. విష్ణుక్రాంతం సొంత ఇల్లు ఆ రెండో రకమే. అక్కడ గుంతలు తవ్వి వరుసగా చెట్లు నాటితే, కొన్నేళ్లలో నీడ కమ్ముతుంది, ఎండ కోరే చిన్న మొక్కలన్నీ తప్పుకుంటాయి. చెట్లు నాటడానికి ఊరి దారులున్నాయి, బడి ఆవరణలున్నాయి, ఒకప్పుడు నిజంగా అడవి ఉండి నరికివేతకు గురైన కొండలున్నాయి. గడ్డీ పొదలూ ఉన్న మెట్టను అడవిగా మార్చడం మేలు చేయడమని నేననుకోను.

ఇంతకన్నా వేగంగా జరిగే నష్టాలు కూడా ఉన్నాయి. వెంచర్ల కోసం జేసీబీతో పైమట్టి గీకేస్తే వేళ్లు కూడా మిగలవు. మొరం తవ్వకాలదీ అదే దారి. తవ్వి వదిలేసిన చోట ముందుగా వచ్చి కూర్చునేది వయ్యారిభామ, ఆ వెనకే సర్కారు తుమ్మ.

వినాయక చవితి పత్రికి ఎంత కోయాలి? ఎలా కోయాలి?

ఏకవింశతి పత్రపూజలో పదకొండోది విష్ణుక్రాంత పత్రం. "భిన్నదంతాయ నమః" అంటూ సమర్పిస్తారు. పూజ వచ్చేది భాద్రపద శుద్ధ చవితికి. మెట్టనేలల్లో ఈ మొక్క పచ్చగా నిండి ఉండే రోజులవి. ఒక ఇంటి పూజకు వేలెడంత కొమ్మ చాలు. కత్తెరతో కాడ కొసను మాత్రమే కత్తిరించండి, ఒక్కో మొక్క నుంచి ఒక్క కొసే తీసుకోండి. చేత్తో లాగితే కాడతోపాటు వేరు తల చీలిపోవచ్చు. వచ్చే ఏడాది మొలకెత్తవలసిన మొగ్గలు ఉండేది అక్కడే. బజారులో కట్టగా అమ్మే పత్రిలో విష్ణుక్రాంతం పేరుతో ఏదో ఒక ఆకు పెట్టి ఇవ్వడం మామూలే. ఆ ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని నూగు ఉందో లేదో చూసుకోవచ్చు. మీ ఇంట్లో తరతరాలుగా శంఖుపువ్వు ఆకునే వాడుతుంటే, పైన చెప్పిన పర్యాయపదాల సంగతి గుర్తు తెచ్చుకుని నిశ్చింతగా కొనసాగించండి.

జ్ఞాపకశక్తికి మంచిదంటారు. కోసుకుని వాడవచ్చా?

సంప్రదాయ వైద్యంలో దీనికి ఆ పేరు ఉన్నమాట నిజమే. అయితే ఒకే పేరుతో మూడు మొక్కలు చలామణి అవుతున్నప్పుడు, ఫొటోతో పోల్చుకుని కోసి తినడం, కషాయం కాచుకోవడం వద్దు. మందుగా కావాలంటే వైద్యుడినే అడగాలి. ఈ పేజీ మొక్కను గుర్తుపట్టడానికి మాత్రమే.

పెరట్లో పెంచవచ్చా?

పెంచవచ్చు, అయితే గుట్ట మీది మొక్కను తవ్వి తేవద్దు. లోతుకు పోయిన వేరు తెగి మొక్క చాలావరకు బతకదు. విచ్చుకోబోతున్న కాయలు నాలుగైదు తెచ్చుకుంటే సరిపోతుంది. గింజ పైపొర గట్టిగా ఉంటుంది. గరుకు కాగితం మీద ఒకటి రెండుసార్లు రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఎర్రమట్టి, ఇసుక, సన్న గులకరాళ్లు కలిపిన కుండీలో వేయండి. ఎరువు వేయకండి. రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. మట్టి పూర్తిగా ఆరాక పోయడమే పద్ధతి.

గుర్తింపు కోసం ఫొటో పంపాలంటే ఎలా తీయాలి?

పువ్వు ఒక్కటే ఉన్న ఫొటోతో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నాలుగు ఫొటోలు కావాలి. పైనుంచి మొక్క మొత్తం ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి పువ్వు ఒకటి, ఆకు అడుగువైపు ఒకటి, చుట్టూ ఉన్న నేల, పొదలు కనిపించేలా నాలుగు అడుగుల దూరం నుంచి ఒకటి. చివరిదాన్ని చాలామంది తీయరు, నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే. పక్కన ఎర్ర మొరం, పలుచని గడ్డి కనిపిస్తే సగం సందేహం అక్కడే తీరుతుంది. ఐనేచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వెబ్‌సైట్లలో పెట్టేటప్పుడు తేదీ, సమయం, ఊరి పేరు తప్పక రాయండి. నీలం పువ్వు ఎండలో తెల్లబోయినట్టు పడుతుంది కాబట్టి, మీ నీడ పువ్వు మీద పడేలా కూర్చుని తీస్తే అసలు రంగు వస్తుంది.